మైదా జిగురు

ఫ్యాను ఆపేసి ఉంది. అమీర్‌పేటలో, అందులోనూ ఈ ఎండల్లో, పొద్దున్నే ఫ్యాను ఆపుకుని కూర్చునే కుటుంబం ఇంకోటి ఉండదు. కానీ అచ్యుతరావుగారి ఇంట్లో ఇవాళ గాలి ఆడకూడదు. భోజనాల బల్ల మీద ఎనిమిది పేజీలు పరిచి ఉన్నాయి. పక్కనే న్యూస్‌పేపర్ మీద బొటనవేలంతవీ అరచేయంతవీ కాగితం ముక్కలు తడితడిగా ఆరుతున్నాయి. వాటిలో ఒక్కటి ఎగిరినా కొంప మునుగుతుంది.

మునగడానికి ఇంకేం మిగిలిందని వివేక్ అడుగుతున్నాడు.

"అసలు ఎవరు ముట్టుకోమన్నారమ్మా నిన్ను?"

కమలకుమారి చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. అవి ఎప్పుడో ఆరిపోయిన చేతులే.

"శుభ్రం చేద్దామనుకున్నాన్రా."

"శుభ్రం చెయ్యడానికి ఇవేమైనా ఇత్తడి చెంబులా?"

చెంబులు కావు, నిజమే. ఒకప్పుడు పిల్లల వారపత్రికలో అచ్యుతరావు గీసిన 'గొడుగు చిట్టెమ్మ' బొమ్మల కథలో ఆఖరి భాగం అవి. అచ్చయిన కాపీలు కావు, ఆయన చేత్తో గీసిన అసలు పేజీలు. రేపు పంజాగుట్టలో ఒక హోటలు హాల్లో, పాత కామిక్ పుస్తకాలతో పాటు వేలానికి వెళ్ళాలి. ఆ పేజీల మీద మనుషుల నోళ్ళ పక్కన అంటించి ఉండే మాటల బెలూన్లన్నిటినీ కమలకుమారి తెల్లారకముందే లేచి ఊడదీసేసింది. ఒక్కటి మిగల్చలేదు. చిట్టెమ్మ నోరు తెరిచి ఉంది, దొంగ నోరు తెరిచి ఉన్నాడు, ఎవరికీ మాట లేదు. బెలూన్ ఉన్నచోటల్లా కాగితం తెల్లగా, చుట్టూ పాతబడిన గోధుమరంగుతో, కేలండరు తీసేసిన గోడలా ఉంది.

ఎందుకు చేసిందో చెప్పకపోతే ఆవిడకి అన్యాయమవుతుంది. కిందటి వారం ముంబయి నుంచి వచ్చిన నిపుణుడు పేజీలన్నీ చూసి ఏమన్నాడు? బయటివాళ్ళు బొమ్మ చూసి కొంటారు, ఈ అంటించిన కాగితాలు బొమ్మకి అడ్డం అన్నాడు. ఆ ముక్క వింటూనే కమలకుమారి కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళిపోయింది. "అట్లా కాదు సార్, ఆ కాగితాలు ఉంటేనే ఇది ప్రెస్సుకి వెళ్ళిన అసలు పేజీ అని నమ్ముతారు. అవి లేకపోతే వేలంలో చెయ్యెత్తేవాళ్ళే ఉండరు" అని వేలం సంస్థ అమ్మాయి యశస్విని చెప్పిన జవాబు వంటింటిదాకా రాలేదు. సగం మాట పట్టుకుని వారమంతా లోలోపల నలిగిపోయింది. తన అక్షరాలు ఆయన బొమ్మలకి అడ్డమట. ఇక ఆగుతుందా?

ఊడదియ్యడం ఆవిడకి కొత్త కాదు. పత్రిక రోజుల్లో సంపాదకుడు ఒక మాట మార్చమంటే ఆ పని ఆవిడదే. గుడ్డ తడిపి గట్టిగా పిండి, బెలూన్ మీద కాసేపు వేసి ఉంచితే మైదా జిగురు మెత్తబడుతుంది. గోటితో అంచు లేపితే వచ్చేస్తుంది. ఇండియన్ ఇంకు నీళ్ళకి చెదరదు కాబట్టి అక్షరాలకేం కాలేదు. ఆ మాత్రం జాగ్రత్త పడింది, పిచ్చితల్లి.

"పదకొండింటికి యశస్విని వస్తుంది" అన్నాడు వివేక్. "ఎనిమిది పేజీలూ మాటలతో సహా ఉంటేనే తీసుకుంటామని రాసిచ్చారు. ఒక్కటి తక్కువైనా మొత్తం పక్కన పెట్టేస్తారు. నాన్న మొహం చూశావా?"

చూడలేదు. చూసే ధైర్యం లేదు. అచ్యుతరావు బాల్కనీలో రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. పత్రిక మూతపడ్డాక ఆ మనిషి ఇన్నేళ్ళూ కోచింగ్ సెంటర్ల గోడల మీద కంప్యూటర్ బొమ్మలు, పైకి పోయే బాణాలు గీసి బతికాడు. చిత్రకారుడని ఎవరూ పిలవలేదు. రేపు మైకులో పిలుస్తారు. అందుకోసం కొత్త లాల్చీ కుట్టించుకుని, ఇస్త్రీ చేయించి, బీరువా తలుపుకి తగిలించి, అటూ ఇటూ పోతూ దాన్ని చూసుకుంటున్నాడు. ఆ సంబరాన్నంతా కమలకుమారి తానే చేజేతులా పాడుచేసింది.

"జర ఆగు వివేక్" అంటూ కోడలు సంగీత వంటింట్లోంచి వచ్చింది. ఇవాళ ఆఫీసుకి సెలవు పెట్టింది. "నువ్వు ఒర్రితే అవి అతుక్కుంటయా? ముక్కలు ఖరాబ్ కాలే, అన్నీ ఉన్నయి. మల్ల అతికిద్దాం. అత్తమ్మ, జిగురు దేనితోని చేస్తరు?"

"మైదాతో. చిటికెడు పటిక వెయ్యాలి, పురుగు పట్టకుండా."

"బొబ్బట్లకు తెచ్చిన మైదా ఉన్నది. పటిక మామయ్య గడ్డం గీసుకునే డబ్బాల ఉంటది. అయిపాయె, గీ మాత్రం దానికి అంత ఫికర్ ఎందుకు?"

"ఏ ముక్క ఎక్కడ అతికిస్తావు?" అన్నాడు వివేక్. "నేను మొదటి పేజీ ఒక్కటే ఫొటో తీశాను. మిగతావి ఇవాళ వాళ్ళే తీస్తారని వదిలేశా."

"పాత పత్రిక ఒక్కటన్న లేదా ఇంట్ల?"

"నాన్న ఒక్క సంచిక గుమ్మం తొక్కనిచ్చారా?"

అదొక చాదస్తం ఆయనకి. ప్రెస్సువాళ్ళు గీతలన్నీ ముద్దచేసి తన ప్రాణం తీస్తారని, అచ్చయిన పత్రిక జన్మలో తెరిచి చూడలేదు. ప్రెస్సు నుంచి తిరిగొచ్చిన అసలు పేజీలు కూడా చదవకుండానే అటకెక్కించేవాడు. బొమ్మ గీసి ఇచ్చేయడమే. మాటలు ఆఫీసులో ఎవరో రాస్తారు, భార్య వాటిని కుదురైన అక్షరాలతో కాగితాల మీద దించి, కత్తిరించి, అంటించి, బస్సులో ఖైరతాబాద్ తీసుకెళ్ళి ఇచ్చొస్తుంది. అంతవరకే ఆయనకి తెలుసు. ఆఫీసులో ఆ రాసేవాడు మొదటి ఏడాదే మానేశాడని ఆయనకి తెలియదు. ఇప్పుడు మనకు తెలుసు, కమలకుమారికి తెలుసు, కాలం చేసిన సంపాదకుడికి తెలుసు.

జిగురు ఉడికింది. సంగీత గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. కమలకుమారి కుర్చీ లాక్కుని కూర్చుని, చూపుడువేలితో ఒక ముక్క వెనక జిగురు రాసి, మూడో పేజీలో దొంగ నెత్తి మీద అంటించింది. ఇంకోటి తీసి ఐదో పేజీలో పెట్టింది. ఇంకోటి ఏడులో.

వివేక్ ఫోనులో యశస్వినికి ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాడు. సంగీత మాత్రం అత్తగారి చేతులే చూస్తోంది.

"అత్తమ్మ."

"ఊఁ."

"మీరు చదవకుండనే పెడుతున్నరు."

కమలకుమారి వేలు ఆగింది. "అక్షరాలు రాసినదాన్ని కదమ్మా. గుర్తుంటాయి."

"నేను ఆఫీసుల రోజు మస్తు టైపు చేస్త. ఎవరో చెప్పింది టైపు చేస్తే నాకు ఒక్క ముక్క యాదుండది."

కమలకుమారి తల వంచుకుని మళ్ళీ పనిలో పడింది. సంగీత రెట్టించలేదు. కానీ ఆ పిల్ల చూపు అత్తగారి మీదనుంచి కదల్లేదు.

వెనకనుంచి ఎవరో నవ్వారు. ఖర్మ కాకపోతే ఇప్పుడు నవ్వేది ఎవరని వివేక్ తలెత్తి చూశాడు. అచ్యుతరావు. ఎప్పుడొచ్చాడో, బల్ల మీదకి వంగి నాలుగో పేజీ చదువుతున్నాడు.

ఆ పేజీలో చిట్టెమ్మ గొడుగు పట్టుకుని దొంగ వెనక ఎగిరిపోతూ ఉంటుంది. కింద అరుగు మీద ఆవిడ మొగుడు కూర్చుని ఉంటాడు. 'నా కళ్ళజోడు కనబడితే వాణ్ణి నేనే పట్టుకునేవాణ్ణి' అంటాడు. 'దొంగ దొరికాక మీ నెత్తి తడుముకోండి, అక్కడుంది' అంటుంది పైనుంచి చిట్టెమ్మ.

"బాగా రాశాడే" అన్నాడు అచ్యుతరావు. పొద్దుట్నుంచి ఆయన నోరు విప్పడం ఇదే. పక్క గడికి వెళ్ళాడు. అందులో మొగుడు గోడకి ఆనుకుని, 'నిద్రపోవడం లేదు, కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నాను' అంటున్నాడు.

అచ్యుతరావు నవ్వు ఆగిపోయింది. నెత్తి మీదున్న కళ్ళజోడు దించి పెట్టుకుని మళ్ళీ చదివాడు.

"ఇది నా మాట."

భార్య వైపు తిరిగాడు.

"కమలా, ఇది నా మాట కదూ? ఖైరతాబాద్‌లో కూర్చుని ఉన్నవాడికి నా కళ్ళజోడు సంగతి ఎలా తెలుసు?"

కమలకుమారి జిగురు వేలిని గిన్నె అంచుకి రాసింది. ఇక దాచి లాభం లేదు.

"అక్కడ ఎవడూ లేడండీ. వాడు మానేశాడు. బొమ్మలున్నాయి మాటల్లేవు, ఈ వారం నుంచి ఆపేస్తాం అన్నారు సంపాదకులుగారు. ఆపితే మీరేమైపోతారో అని, అక్కడే బల్ల దగ్గర కూర్చుని నాకు తోచింది రాసిచ్చాను. ఆయన చదివి, వచ్చే వారం కూడా మీరే రాయండి, ఇంట్లో మాత్రం చెప్పకండి అన్నారు."

"ఎన్ని వారాలు రాశావు?"

"ఆఖరిదాకా."

వివేక్ ఫోను బల్ల మీద పెట్టేశాడు. చిట్టెమ్మ కథలంటే వాడికి చిన్నప్పుడు ప్రాణం. పక్కింటి వాళ్ళ పత్రిక తెచ్చుకుని, నాన్నకి కనబడకుండా మంచం కింద దూరి చదివేవాడు. ఆ చదివింది అమ్మని అని ఇప్పుడు తెలిసింది. అరిచిన అరుపులు గుర్తొచ్చి, ఏం చెయ్యాలో తెలియక అమ్మకి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

అచ్యుతరావు మాత్రం మొహం గంటు పెట్టుకున్నాడు.

"అయితే ఆ వెర్రిబాగులవాడు నేనా?"

"వెర్రిబాగులవాడని ఎవరన్నారు?"

"నేను గీసింది మీ నాన్నని. ఆ ముక్కు చూడు. ఆ అరుగు చూడు. ముక్కూ మొహమూ అచ్చం మీ నాన్నవే."

"తెలుసండీ. అందుకే మీ మాటలు పెట్టాను. అక్కడికక్కడికి సరిపోయింది."

సంగీత నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వివేక్ అటు తిరిగిపోయాడు. అచ్యుతరావు ఇద్దర్నీ ఉరిమి చూసి, మళ్ళీ పేజీ వైపు తిరిగాడు. కాసేపటికి గొంతు తగ్గించి అడిగాడు.

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే గీసేవారా?"

గీసేవాడు కాదు. ఆ వయసులో ఆయనకున్న పొగరుకి పెన్సిలు విసిరికొట్టి లేచిపోయేవాడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"పోనీ మీరు ఒక్క వారమైనా అచ్చయింది తెరిచారా?" అంది కమలకుమారి. కోపంగా అనలేదు. ఏనాటినుంచో అడగాలనుకున్నది అడిగింది, అంతే. "వీధిలో పిల్లలంతా చదివేవాళ్ళు. కూరలమ్మే మనిషి చదివించుకుని వినేది. మీరొక్కరే చదవలేదు. నవ్వుతారో లేదో చూద్దామని మీకోసం రాసినవి ఎన్నో ఉన్నాయి."

అచ్యుతరావు కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆరిన ముక్కలు ఒక్కొక్కటీ తీసి ఆవిడ చేతికి అందించడం మొదలుపెట్టాడు. అందించేముందు ప్రతిదీ చదువుతున్నాడు. చదివి ఒకసారి నవ్వుతున్నాడు, ఒకసారి మూతి ముడుస్తున్నాడు. పని సగం వేగంతో సాగుతోంది. కమలకుమారికి అదేం పట్టలేదు. కడుపు నిండినట్టుగా ఉంది ఆవిడకి.

"రేపు మైకులో పిలిచినప్పుడు చెప్పేస్తాను" అన్నాడు.

"ఏమని?"

"మాటలు నీవని."

"వద్దు. రేపు మీ రోజు. మధ్యలో నేనెందుకు? నామీద ఒట్టేసి చెప్పండి, ఎవరితోనూ అననని."

ఆయన వెయ్యనన్నాడు. ఆవిడ ముక్క అందుకోవడం మానేసి చేతులు కట్టుకుని కూర్చుంది. గడియారం చూసిన వివేక్‌కి పైప్రాణాలు పైనే పోతున్నాయి. చివరికి అచ్యుతరావు గొణుక్కుంటూ ఒట్టేశాడు, పని ముందుకి కదిలింది.

ఎనిమిదో పేజీ ఆఖరి గడి దగ్గర మళ్ళీ ఆగింది. గొడుగు విరిగిపోయి చిట్టెమ్మ నేల మీద నిలబడి ఉంది. ఎదురుగా మొగుడు. 'ఇక ఎగరవా చిట్టెమ్మా?' అని అడుగుతున్నాడు. చిట్టెమ్మ నోరు తెరిచి ఉంది. ఆ నోటి పక్కన పెట్టాల్సిన ముక్క బల్ల మీద లేదు.

న్యూస్‌పేపర్ దులిపారు. బల్ల కింద వెతికారు. సంగీత పొయ్యి గట్టు కూడా చూసింది.

"అది పెళుసుగా ఉందని, వెనక జిగురు వదిలేదాకా బేసిన్‌లో నీళ్ళమీద తేలేశాను" అంది కమలకుమారి. "బాల్కనీలో పెట్టాను. ఏదీ ఆ బేసిన్?"

వివేక్ మొహం పాలిపోయింది. పొద్దున లేచి ఈ ఘోరం చూసిన కోపంలో, ఆ బేసిన్ ఎత్తి నీళ్ళు మొత్తం తూములో పారబోసింది వాడే.

ఈసారి ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. తిట్టేలోపే కాలింగ్ బెల్ మోగింది.

యశస్విని లోపలికి వచ్చి, చెప్పులు విప్పి, ఆ తడి పేజీలు చూసి నిలబడిపోయింది. కమలకుమారి ఏదీ దాచకుండా జరిగిందంతా చెప్పింది, మాటలు రాసింది ఎవరన్నది తప్ప. యశస్విని తెల్ల గ్లౌజులు తొడుక్కుని పేజీలన్నీ ఓపిగ్గా చూసింది.

"అవే కాగితాలు, అవే చోట్లు, అతికించింది సుత మొదట అతికించినవాళ్ళే. దీనికి ఇబ్బంది లేదు ఆంటీ, వేలంలో పేజీల పక్కన పెట్టే కార్డు మీద ఆ మాట రాసి పెడతాం. ఆఖరిదే ప్రాబ్లమ్. ఖాళీగా ఉంటే సెట్టు పూర్తి కానట్టు. నేను తీసుకోలేను."

"మళ్ళీ రాస్తుంది" అన్నాడు అచ్యుతరావు. "రాసిన చెయ్యి ఇక్కడే ఉందిగా."

"అది రిపేర్ అయితది సార్. వేరేవాళ్ళు రాసిన మాటను ఆంటీ అప్పుడు దించారు, ఇప్పుడు మళ్ళీ దించుతున్నారు. రిపేర్ చేసిన పేజీకి ఎవరూ చెయ్యెత్తరు. కళాకారులే స్వయంగా తమ పనిని పూర్తి చేస్తే ఆ లెక్క వేరే. బొమ్మ పోయి మీరే గీస్తే నేను కాదనను. కానీ ఇది మాట. ఆ మాటలు రాసినాయన ఎవరు? ఉన్నారా అసలు?"

అచ్యుతరావు నోరు తెరిచాడు. ఒట్టు గుర్తొచ్చి మూశాడు. సంగీత అత్తగారిని చూసింది. వివేక్ చూశాడు. యశస్విని ఎవరు ఎవర్ని చూస్తున్నారో అర్థంకాక అందర్నీ చూసింది.

కమలకుమారి బీరువా వైపు చూసింది. కాదంటే ఈ పేజీలు మళ్ళీ అటకెక్కుతాయి, ఆ లాల్చీ బీరువాలోకి వెళ్ళిపోతుంది. ఔనంటే రేపు హాలునిండా మనుషుల ముందు ఆ ముక్కకి కట్టుబడాలి. ఇన్నేళ్ళూ చాటున ఉండడం ఎంత హాయో తెలుసు, ఇప్పుడు చాటు లేకపోతే ఎలా ఉంటుందో ఆవిడకి తెలియదు.

"ఉందమ్మా" అంది. "నేనే."

యశస్విని గ్లౌజుల చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. "మాటలు మీరు రాశారా? మొత్తం?"

"మొత్తం. కావాలంటే రేపు ఏ పేజీలో ఏముందో ఎవరినైనా అడగమను. చూడకుండా చెప్తాను."

అచ్యుతరావు లేచి వెళ్ళి తన నిబ్బు కలం, ఇంకు సీసా తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆ కలం ఆ ఇంట్లో వేరేవాళ్ళు ముట్టుకోవడానికి వీల్లేదు. అలాంటిది తానే మూత తీసి పెట్టి నిలబడ్డాడు. కమలకుమారి ఒక కాగితం ముక్కని కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించుకుంది.

"పాత మాటే కదా ఆంటీ రాసేది?"

"అది గుర్తు లేదమ్మా. అన్నీ నోటికొచ్చు, అదొక్కటీ ఎంత తడుముకున్నా రావట్లేదు. అప్పుడు చిట్టెమ్మ ఏమందో ఏమో. ఇప్పుడైతే ఏమంటుందో అది రాస్తాను."

యశస్విని ఆలోచించింది. "సరే, అట్లానే రాస్తా కార్డు మీద. ఆఖరి మాట రచయిత్రి ఈ రోజు రాసిందని. రేపు ఎవరైనా అడిగితే మీరే జవాబు చెప్పాలి మరి."

"చెప్తాను."

కమలకుమారి నిబ్బు ముంచి, సీసా అంచుకి తుడిచి, రాసింది. రెండే చిన్న వరసలు. అక్షరం వణకలేదు. అచ్యుతరావు భుజం మీదుగా తొంగి చూడబోతే ఎడమ అరచేయి అడ్డం పెట్టింది.

"చూడనీ కమలా."

"ఇన్నేళ్ళు చూడలేదుగా. ఒక్క రోజుకేం పోయింది? రేపు పంజాగుట్టకి రండి. అందరితోపాటు చదువుకుందురుగాని."

"నేను గీసిన పేజీ అది."

"నేను రాసిన మాట ఇది."

ఇంకు ఆరనిచ్చి, జిగురు రాసి, చిట్టెమ్మ నోటి పక్కన అంటించింది. ఆయన అటునుంచి రాకముందే పేజీ తిప్పి యశస్విని చేతిలో పెట్టింది. యశస్విని చదివింది. చదివి, అచ్యుతరావుని ఒకసారి పైనుంచి కిందికి చూసింది. పెదవులు గట్టిగా బిగించి, పేజీలన్నీ ఫోల్డర్‌లో సర్దుకుని, "సార్, మీరు మాత్రం తప్పకుండా రావాలి" అని వెళ్ళిపోయింది. లిఫ్టు దగ్గర ఆ పిల్ల ఇక ఆపుకోలేక పైకే నవ్వడం ఇంట్లోవాళ్ళందరికీ వినబడింది.

"ఆ పిల్ల ఎందుకు నవ్వింది?" అన్నాడు అచ్యుతరావు. "ఏం రాశావు? నా గురించేనా?"

కమలకుమారి జిగురు గిన్నె తీసుకుని లేచింది.

"రేపు ముందు వరసలో కూర్చోండి" అంది.